మౌనంగా ఉంటానని నోరు తెరిచి చెప్పు

చిరంజీవి నానీకి పెద్దమ్మ ఆశీస్సులు.

డెంటన్‌లో రూమ్ దొరికిందని మీ అమ్మ చెప్పింది. నువ్వడిగిన సామాన్ల లిస్టు పెదనాన్న పంపిస్తారు. నేను వేరే సంగతి రాస్తున్నాను, ఇక్కడ అమెరికాలో పోలీసులో ఇమిగ్రేషన్ వాళ్లో ఆపితే నీకుండే హక్కుల గురించి. నిదానంగా చదువు.

2003లో చుట్టాలింటి నుంచి ఆవకాయ తెచ్చుకుంటూ రాత్రిపూట హైవే మీద వస్తున్నాం. పోలీసాయన కారు ఆపాడు. లైసెన్సు, ఇన్సూరెన్సు చూశాక డిక్కీ వైపు చూపిస్తూ, "డు యు మైండ్ ఇఫ్ ఐ టేక్ ఎ లుక్?" అన్నాడు. పెదనాన్న కంగారుగా "నో, నో సర్" అన్నారు. వద్దని ఆయన ఉద్దేశం. కానీ ఆ ప్రశ్నకు "నో" అంటే "నాకేం అభ్యంతరం లేదు, చూసుకోండి" అని! సామానంతా రోడ్డు పక్కన పెట్టించాడు. జాడీ మూత ఊడి నూనె పెదనాన్న కోటు మీదంతా కారింది. ఏమీ దొరక్క పంపేశాడు. ఇంటికొచ్చాక కూడా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

వద్దనే హక్కు ఉందని అప్పటికి మాకు తెలియదు. వీసా మీద ఉన్నవాళ్లకు హక్కులేముంటాయిలే అనుకునేవాళ్లం. కానీ 1886లోనే, శాన్‌ఫ్రాన్సిస్కోలో లాండ్రీ నడిపే ఒక చైనా అతని కేసులో, రాజ్యాంగ రక్షణ పౌరులకే కాదు, ఇక్కడున్న పరాయి దేశస్థులకూ ఉందని సుప్రీంకోర్టు చెప్పింది.

కాబట్టి సోదా చేయనిమ్మంటే "ఐ డు నాట్ కన్సెంట్ టు ఎ సెర్చ్" అను. మర్యాదగా, స్పష్టంగా. మనం వింటున్నామని తల ఊపుతాం, ఊ కొడతాం. అవతలివాడికి అది ఒప్పుకున్నట్టే కనిపిస్తుంది. తల ఊపకు. చేతులు స్టీరింగ్ మీదే ఉంచు. వద్దన్నా వెతికితే అడ్డుపడకు. నువ్వు ఒప్పుకోలేదన్న మాట రేపు కోర్టులో లాయరుకు పనికొస్తుంది. మామూలు ప్రశ్నలు సాగుతుంటే "యామ్ ఐ ఫ్రీ టు గో?" అని అడుగు. అవునంటే మెల్లగా వచ్చేయ్.

మన ఇళ్లలో మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, ఇక్కడా దాదాపు అంతే. 2013లో మన టెక్సస్ కేసులోనే, అరెస్టుకు ముందు ఊరికే నోరు మూసుకుంటే చాలదని, ఆ హక్కు వాడుకుంటున్నానని చెప్పాలని సుప్రీంకోర్టు తేల్చింది. "నేను మౌనంగా ఉండే హక్కు వాడుకుంటున్నాను, లాయరుతో మాట్లాడాలి" అని ఇంగ్లీషులో చెప్పి ఆపెయ్. పెద్దవాళ్లు అడిగితే జవాబు చెప్పాలని పెంచాం మిమ్మల్ని, ఆ అలవాటే ఇక్కడ ఇబ్బంది పెడుతుంది.

అధికారులెవరైనా ఇంటికొచ్చి తలుపు తడితే తీయకుండానే మాట్లాడు. వారంట్ ఉందంటే తలుపు కింద నుంచి పెట్టమను. జడ్జి సంతకం, నీ పేరు, అడ్రసు, తేదీ చూడు. ఐస్ (ICE) అనే ఇమిగ్రేషన్ పోలీసులు తెచ్చే ఐ-200 అనే అరెస్టు కాగితం మీద ఉండేది ఆఫీసరు సంతకం, జడ్జిది కాదు. ఆ కాగితం చూసి తలుపు తీయక్కర్లేదు. బలవంతంగా వచ్చేస్తే మాత్రం ఎదురు తిరగకు, ఒప్పుకోవడం లేదని పైకి చెప్పు.

నువ్వు ఈ దేశంలోకి వచ్చినట్టు నమోదైన ఐ-94 కాగితం ప్రింటు ఎప్పుడూ దగ్గరుంచుకో, 18 ఏళ్లు దాటిన విదేశీయులకు అది చట్టం పెట్టిన నియమమే. ఇమిగ్రేషన్ ఆఫీసరు అడిగితే చూపించు. అబద్ధం మాత్రం ఆడొద్దు నాన్నా. మౌనం హక్కు, అబద్ధం నేరం. భయంలో "సిటిజన్‌ని" అన్న ఒక్క మాట జీవితాంతం ఈ దేశం తలుపు మూసేయగలదు. ఎయిర్‌పోర్టులో లెక్క వేరు, అక్కడ బ్యాగులు వెతకడానికి నీ ఒప్పుదల అక్కర్లేదు.

ఇంకొకటి, ఇది మన పిల్లలు ఎక్కువగా పొరపడేది. షాపులో చిన్న వస్తువు కేసే కావచ్చు, "ఫైన్ కట్టేస్తే పోతుంది" అని ఎవరో అంటే గిల్టీ ఒప్పుకోవద్దు. వీసా సంగతి ముందే లాయరుకు చెప్పు. ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ముప్పుందేమో చెప్పాల్సిన బాధ్యత లాయరుదేనని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇమిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వం లాయరును ఇవ్వదు, మనమే పెట్టుకోవాలి. అందాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. పట్టుకెళ్తే హ్యూస్టన్‌లో మన కాన్సులేట్‌కు తెలియజేయమని అడుగు, అదీ నీ హక్కే.

పట్టుకెళ్లినవాళ్లు నీ ఫోను తీసేసుకుంటారు. అందుకని పెదనాన్న నంబరు నీకు నోటికి రావాలి. ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు అడుగుతాను.

పెద్దమ్మ