ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ను ‘ఉన్నతీకరించ’వచ్చునా?

సందేహం: నేను మోటారు వాహనాల గురించి తెలుగులో రాస్తుంటాను. 2012 నాటి ఫోర్డ్ మస్టాంగ్ జీటీ ఇంజనుకు, అదే ఏటి మస్టాంగ్ బాస్ 302 మోడల్‌లో వచ్చిన ఇన్‌టేక్ మానిఫోల్డ్‌ను (ఇంజనుకు గాలి అందించే భాగాన్ని) అమర్చుకోవడంపై ఒక వ్యాసం రాసి, యంత్రానువాదం సాయంతో ‘ప్రదర్శన కారు ఇంజను తీసుకోవడం మానిఫోల్డ్ ఉన్నతీకరణ’ అని శీర్షిక పెట్టాను. చదివినవారు అర్థం కాలేదన్నారు. తప్పు ఎక్కడుంది? మానిఫోల్డ్‌కు తెలుగు మాట ఉందా?

సమాధానం: మీ శీర్షికలో ఆరు మాటలున్నాయి. వాటిలో కారు, ఇంజను, మానిఫోల్డ్ అనే మూడు అరువు మాటలే పాఠకుడికి సరిగ్గా అందుతున్నాయి. తెలుగు అనుకొని పెట్టిన మిగతా మూడూ అతన్ని దారి తప్పిస్తున్నాయి.

‘ప్రదర్శన’ అంటే నలుగురికీ చూపడం. పుస్తక ప్రదర్శన, పశు ప్రదర్శన అన్న మాటలకు అలవాటుపడిన మనకు ‘ప్రదర్శన కారు’ అంటే షోరూములో చూడడానికి నిలిపిన కారే తోస్తుంది. ‘పనితీరు కారు’ అన్నా కుదరదు, ఎందుకంటే బాగున్నా లేకున్నా ప్రతి కారుకూ ఒక పనితీరు ఉంటుంది. ‘జోరైన కారు’ అనండి, లేదా పెర్ఫార్మెన్స్ కారు అనే ఉంచండి.

‘తీసుకోవడం’ క్రియ నుంచి పుట్టిన నామం. దాని పక్కన మరో నామాన్ని ఊరికే చేర్చినంత మాత్రాన సమాసం కాదు. మనం ‘తాగడం నీరు’ అనము, తాగునీరు అంటాము; ‘కట్టుకోవడం బట్టలు’ అనము, కట్టుబట్టలు అంటాము. పైగా ఇంజను గాలిని తీసుకోదు, పీలుస్తుంది. పిస్టన్ కిందికి దిగినప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి తగ్గుతుంది, ఆ వెలితిలోకి బయటి గాలి దూసుకువస్తుంది. సంస్కృతంలో దీనికి చూషణ అన్న మాట ఉంది, కాని తాగునీటి బాటలోనే ‘పీల్చుగొట్టం’ అంటే చదివినవాడికి పని కళ్ళకు కడుతుంది.

మానిఫోల్డ్ సంగతి కొంచెం తీరిగ్గా చూడాలి. ఆ ఇంగ్లీషు మాటలోని రెండో సగానికి మడత అనే అర్థం ఉన్నా, ఇక్కడ దాని భావం ‘రెట్లు’ అని. మడతకూ రెట్టుకూ ఒకే మాట వాడడం మనకు కొత్త కాదు. ఇబ్బడిముబ్బడిగా అన్నప్పటి ఇబ్బడి ‘ఇరు మడి’ నుంచి, ముబ్బడి ‘మూడు మడి’ నుంచి వచ్చినవే. ఆ మడికి మడచు, మడత అన్న మాటలతో చుట్టరికం ఉంది. తమిళంలో మడంగు అంటే వంగడం, మడతపడడం. ‘ఇరుమడంగు’ అంటే రెండు రెట్లు. ఇంత దగ్గరి పోలిక కనబడగానే ‘పలుమడి’ అని ఒక మాట కల్పించాలని నాకూ మనసైంది. కాని అది ఆ వస్తువు ఆకారాన్ని గానీ పనిని గానీ చెప్పదు.

ఆకారం చూస్తే గాలి ఒక నోటిలోంచి లోపలికి వచ్చి, ఒక పెట్టెలాంటి గదిలో నిలిచి, అక్కడినుంచి సిలిండర్‌కొకటి చొప్పున విడివడిన గొట్టాల్లోకి పారుతుంది. మస్టాంగ్‌కు ఎనిమిది సిలిండర్లు, కాబట్టి ఎనిమిది గొట్టాలు. ఇలా ఒకటి పలువుగా విడివడితే తెలుగువాళ్ళు ‘పాయ’ అంటారు. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వసిష్ఠగా చీలితే అవి పాయలే. జడ అల్లేటప్పుడు విడదీసి కలిపేవీ పాయలే. కాబట్టి పొగ ఒక్కచోటికి చేరే ఎగ్జాస్ట్ వైపు భాగానికీ ఈ మాట సరిపోతుంది. వ్యాసంలో మొదటిసారి ‘ఇన్‌టేక్ మానిఫోల్డ్, అంటే ఇంజనుకు గాలి పంచే పాయగొట్టం’ అని రాసి, తరువాత మెకానిక్కులు పలికే మానిఫోల్డ్‌నే కొనసాగించండి. రన్నర్లను, అంటే సిలిండర్‌కొకటిగా విడివడిన ఆ గొట్టాలను, మాత్రం నిస్సంకోచంగా పాయలనవచ్చు.

ఇక ‘ఉన్నతీకరణ’. సంస్కృత వ్యాకరణంలో చ్వి ప్రత్యయం చేరిన రూపమిది; అంతకుముందు అలా లేనిదాన్ని అలా చేయడం, అంటే అభూతతద్భావం, దీని అర్థం. ప్రాథమికోన్నత పాఠశాలను ఉన్నత పాఠశాలగా ఉన్నతీకరించారంటే ఒప్పే, ఎందుకంటే ఆ బడే పై స్థాయికి చేరింది. మీ వ్యాసంలో పాత మానిఫోల్డ్ ఏ స్థాయికీ చేరలేదు, ఊడి పక్కకు వచ్చింది. దాని చోట మరొకటి బిగించారు.

అంతకన్నా పెద్ద చిక్కు అర్థంలో ఉంది. 2012 జీటీకి నిమిషానికి 6500 చుట్ల వద్ద 412 అశ్వశక్తి, 390 పౌండ్-అడుగుల టార్క్. బాస్ 302కు 7400 చుట్ల వద్ద 444 అశ్వశక్తి, 380 పౌండ్-అడుగుల టార్క్. శక్తి పెరిగింది, తిప్పే బలం కొంత తగ్గింది. ఈ తేడా అంతా మానిఫోల్డ్‌దే కాదు, బాస్‌లో వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్టులూ, సిలిండర్ల పైమూతలైన సిలిండర్ హెడ్లూ కూడా వేరు. అయినా దాని పొట్టి పాయల స్వభావం అదే. సిలిండర్‌లోకి గాలిని వదిలే వాల్వు తెరుచుకోగానే పుట్టిన ఒత్తిడి తరంగం పాయ పొడవునా వెళ్ళి, తిరిగి వచ్చి, వాల్వు మూసుకునేలోగా మరికొంత గాలిని లోపలికి నెడుతుంది. పాయ పొట్టిదైతే ఆ రాకపోకలు త్వరగా ముగుస్తాయి కనుక ఆ లాభం ఇంజను వడిగా తిరిగేటప్పుడే దక్కుతుంది, తక్కువ చుట్లలో ఊపు తగ్గుతుంది. ఊళ్ళో ట్రాఫిక్‌లో నడుపుకొనేవాడికి దీన్ని ‘ఉన్నతి’ అని చెప్పడం న్యాయం కాదు.

బండికి కొత్త టైర్లు వేయించానని, హారన్ మార్పించానని మనం రోజూ అంటూనే ఉన్నాము. ఆ క్రియలు చాలు. ‘మస్టాంగ్ జీటీకి బాస్ 302 మానిఫోల్డ్ వేయిస్తే’ అని శీర్షిక పెట్టండి. ‘వేయిస్తే’ అన్నారు కాబట్టి ఏమి వస్తుందో, ఏమి పోతుందో, ఇంజను కంప్యూటర్‌ను మళ్ళీ ఎందుకు ట్యూన్ చేయించాలో వ్యాసం లోపల చెప్పవలసి ఉంటుంది.