మార్పు కోడ్‌లో చేరింది, రిలీజ్ ఎప్పుడు?

ప్రశ్న: మేము వాడే ఒక ఓపెన్ సోర్స్ పైథాన్ లైబ్రరీలో మమ్మల్ని ఇబ్బంది పెడుతున్న లోపాన్ని నెలల క్రితమే మెయిన్ బ్రాంచ్‌లో (తాజా మార్పులు చేరే ప్రధాన కోడ్ శాఖలో) సరిచేశారు. కొత్త వెర్షన్ మాత్రం రాలేదు. ఉచితంగా పనిచేసేవారిని రిలీజ్ ఇమ్మని అడగవచ్చా? ఈలోగా మేమేం చేయాలి?
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: నిస్సంకోచంగా అడగవచ్చు. మెయింటెయినర్లు, అంటే ప్రాజెక్టును నడిపేవారు, రోజూ తాజా కోడ్‌తోనే పనిచేస్తారు కాబట్టి, చివరి రిలీజ్ దగ్గరే ఆగిపోయిన వాడకందారుల ఇబ్బంది చాలాసార్లు వారి దృష్టికి రాదు. అయితే ముందుగా అదే విన్నపం ప్రాజెక్టు ఇష్యూలలో (సమస్యలు, విన్నపాలు రాసే చోట) ఇంకెవరైనా పెట్టారేమో వెతకండి. ఉంటే కొత్తది తెరవకుండా అక్కడే మీ అవసరం రాయండి.

రిపాజిటరీని (ప్రాజెక్టు కోడ్, దాని మార్పుల చరిత్ర ఉండే భాండారాన్ని) దించుకుని, మార్పులను నమోదు చేసే సాధనమైన గిట్‌లో 'గిట్ డిస్క్రైబ్' ఆదేశం ఇస్తే, చివరి ట్యాగ్ (రిలీజ్‌కు వేసే వెర్షన్ గుర్తు) పేరు, ఆ తరువాత చేరిన కమిట్ల (నమోదైన మార్పుల) సంఖ్య, ప్రస్తుత కమిట్ గుర్తు ఒకే వరుసలో కనిపిస్తాయి. ఆ వివరాలతో ఇలా రాయవచ్చు: "2.3.1 తరువాత 41 కమిట్లు చేరాయి. వాటిలో తేదీలను తప్పుగా చదివే లోపానికి చేసిన సవరణ మాకు అవసరం. మెయిన్ బ్రాంచ్‌ను మా దగ్గర పరీక్షించాము, సమస్య తీరింది. కొత్త రిలీజ్ ఇచ్చే ఆలోచన ఉందా? చేంజ్‌లాగ్ (మార్పుల జాబితా) చిత్తుప్రతి మేము రాసి పంపగలము." పరీక్షించి చూశామన్న మాటకు ఇందులో అన్నిటికన్నా ఎక్కువ విలువ ఉంటుంది.

ట్యాగ్ వేయడం ఒక్క ఆదేశంతో అయ్యే పనే అయినా, దాని వెనుక బాధ్యత పెద్దది. సెమాంటిక్ వెర్షనింగ్ పాటించే ప్రాజెక్టులో లోపాల సవరణలకు మూడో అంకె, పాత కోడ్‌ను చెడగొట్టని కొత్త సౌకర్యాలకు రెండో అంకె, పాత కోడ్‌తో పొసగని మార్పులకు మొదటి అంకె పెరగాలి. మీకు కావలసిన సవరణతో పాటు పొసగని మార్పు కూడా మెయిన్ బ్రాంచ్‌లో చేరి ఉంటే, 3.0.0 ఇవ్వడానికి మెయింటెయినర్ వెనుకాడటం సహజం. అప్పుడు 2.3.1 నుంచి ఒక బ్రాంచ్ తీసి, ఆ ఒక్క సవరణనే చెర్రీ-పిక్ చేసి (అంటే దాన్ని మాత్రమే ఎంచి తెచ్చి) 2.3.2 ఇవ్వడం వీలవుతుందేమో అడగండి. ఆ బ్రాంచ్‌ను మీరే సిద్ధం చేసి, పరీక్షలు నడిపి చూపిస్తే వారి పని చాలావరకు తగ్గుతుంది.

జవాబు రాకపోతే కొన్ని వారాల తరువాత మర్యాదగా ఒకసారి గుర్తుచేయండి, నిష్ఠూరాలు మాత్రం వద్దు. 2022లో ఫైళ్లను కుదించే ఓపెన్ సోర్స్ సాధనమైన ఎక్స్‌జెడ్ యుటిల్స్ మెయింటెయినర్‌పై పనులు నెమ్మదిగా సాగుతున్నాయంటూ కొందరు తెచ్చిన ఒత్తిడి నడుమే ఒక కొత్త వ్యక్తి చేతికి అధికారాలు వెళ్లాయి. చివరకు 5.6.0, 5.6.1 రిలీజ్‌లలో దొంగదారి (రహస్యంగా చొరబడటానికి వీలిచ్చే కోడ్) చేరిందని 2024 మార్చిలో బయటపడింది. కాబట్టి తొందరపెట్టడం కన్నా పని పంచుకోవడమే మీకూ క్షేమమని నా నమ్మకం.

ఈలోగా పైథాన్ ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే పిప్ సాధనపు రిక్వైర్‌మెంట్స్ ఫైలులో (కావలసిన ప్యాకేజీల జాబితాలో) వెర్షన్‌కు బదులు గిట్ చిరునామా ఇచ్చి, దాని చివర సవరణ ఉన్న కమిట్ పూర్తి హ్యాష్‌ను (దాని గుర్తింపు సంకేతాన్ని) చేర్చండి. బ్రాంచ్ పేరు ఇస్తే రేపు అక్కడ ఏ కోడ్ ఉంటే అదే మీ సర్వర్‌లోకి వస్తుంది. ఈ ఏర్పాటు మీ సొంత అప్లికేషన్‌కు సరిపోతుంది. మీరే ఒక ప్యాకేజీని పైపీఐలో (పైథాన్ ప్యాకేజీల బహిరంగ భాండారంలో) పెడుతుంటే మాత్రం కుదరదు, ఎందుకంటే ఇలా నేరుగా చిరునామా మీద ఆధారపడే ప్యాకేజీలను పైపీఐ అంగీకరించదు. మీ పరిస్థితి ఇదే అయితే ఆ సంగతిని విన్నపం మొదటి వాక్యంలోనే రాయండి.