మినోవన్ పూల బొమ్మల్లో అసలెంత?

ప్రశ్న: గ్రీసులోని క్రీట్ దీవిలో, వేల ఏళ్ల నాటి మినోవన్ నాగరికతకు చెందిన నోసోస్ రాజభవనం గోడల మీది పూల బొమ్మలంటే నాకు ప్రాణం. పుస్తకాల్లో చూసి వాటిని కాన్వాసు మీద గీస్తున్నాను. అవి అసలువి కావు, ఈమధ్య కాలంలో ఎవరో గీసినవని స్నేహితురాలు అంటోంది. నిజమేనా? మానేయమంటారా?

జవాబు: అస్సలు మానకండి! ఆవిడ చెప్పినదాంట్లో సగం నిజముంది. 1900లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆర్థర్ ఎవాన్స్ నోసోస్‌లో తవ్వకాలు మొదలుపెట్టినప్పుడు బయటపడ్డవి ఎక్కువగా రంగు వేసిన సున్నపు పూత ముక్కలే. వాటిని అతికి, మధ్య ఖాళీలు ఊహించి నింపి, మనం పుస్తకాల్లో చూసే రూపం ఇచ్చింది గిలియెరాన్ అనే స్విస్ చిత్రకారులు, తండ్రీ కొడుకులిద్దరూ. వాళ్ల చెయ్యి గొప్పదే, కానీ ఊహ ఊహే కదా. కుంకుమపువ్వులు కోస్తున్న నీలం రంగు కుర్రాడని ఎవాన్స్ అనుకున్న బొమ్మ నిజానికి కోతిదని తర్వాత తేలింది. 'లిల్లీల యువరాజు' అనే పేరున్న నోసోస్ బొమ్మలోని మనిషి కూడా విడివిడి ముక్కలు కలిపి నిలబెట్టినవాడే, ఆ ముక్కలన్నీ ఒకే మనిషివి కావని చాలామంది పండితుల అభిప్రాయం.

అందుకని పెద్ద ఫోటో దొరికితే దగ్గరగా చూడండి. పగుళ్లతో, గరుకుగా ఉన్నవి అసలు ముక్కలు, వాటి మధ్య నున్నగా సాగిపోయేది పూరించిన భాగం. నన్నడిగితే ఆ ఖాళీలను ఖాళీగానే వదిలి గీయండి, బొమ్మ అందం ఏమీ తగ్గదు.

పూలే కావాలంటే మాత్రం నోసోస్ కన్నా గ్రీసులోనే ఉన్న శాంటొరిని దీవిలో, అదే కాలం నాటి అక్రోతిరి ఊరి బొమ్మల వైపు వెళ్లండి. అగ్నిపర్వతం బద్దలై బూడిద కింద కప్పబడిపోయిన ఆ ఊళ్లో 1967 నుంచి గ్రీకు పురావస్తు శాస్త్రవేత్త స్పిరిడాన్ మారినాటోస్ తవ్వకాలు జరిపించాడు. అక్కడి 'వసంత చిత్రం' ఒక చిన్న గదిలో మూడు గోడల మీద దాదాపు పూర్తిగా దొరికింది, ఇప్పుడు ఏథెన్స్‌లోని జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉంది. రంగురంగుల రాళ్ల మీద గుత్తులుగా ఎర్ర లిల్లీలు, కొన్ని మొగ్గలు, కొన్ని విచ్చినవి, పైన జంటలుగా ఎగిరే స్వాలో పిట్టలు... ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

ఇక రంగుల గురించి టెన్షన్ వద్దు. ఎర్రమట్టి, పసుపుమట్టి, నలుపు, నీలం ఉంటే చాలు, అక్రిలిక్ అయినా ఫర్వాలేదు. వెలుగునీడలు దిద్దకండి, ఆనాటి చిత్రకారులు దిద్దలేదు. చాలావరకు సున్నం తడి ఆరేలోపు వేసిన బొమ్మలు కాబట్టి వాళ్ల గీతలో ఒక వేగం ఉంటుంది, కాడను మీరు కూడా ఒక్క ఊపులో, చెయ్యి ఎత్తకుండా లాగండి, వంకర వచ్చినా మళ్లీ సరిచేయకండి.