ఫిజియోథెరపీయా, న్యూట్రిషనా: మీ అమ్మాయి చదువు గురించి

మీ ప్రశ్న చదివాను. అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది, ఎంబీబీఎస్ సీటు కోసం ఇంకో ఏడాది కోచింగ్‌లో కూర్చోవడం ఆమెకు ఇష్టం లేదు. ఫిజియోథెరపీలో చేర్చాలా, న్యూట్రిషన్ డిగ్రీలో చేర్చాలా, దేనికి భవిష్యత్తు ఉంటుంది అని అడిగారు. ముందు జవాబు చెప్పేస్తాను. రెండింటిలోనూ పని ఉంది. మనిషిని చేత్తో పట్టుకుని లేపి, నిలబెట్టి, నడిపించడం ఇష్టమైతే ఫిజియోథెరపీ. ఎదుటి మనిషిని కూర్చోబెట్టి, ఓపికగా అడిగి, లెక్క కట్టి, వాళ్ల వంటింట్లో ఇమిడే మార్పు చెప్పడం ఇష్టమైతే న్యూట్రిషన్. అయితే ఏది తీసుకున్నా రెండోదాన్ని పక్కన పెట్టేయకూడదు. ఆ మాట ఎందుకంటున్నానో నా అనుభవంతో చెబుతాను.

నాది నల్గొండ జిల్లా. బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ చదివి, హైదరాబాద్‌లో పన్నెండేళ్లుగా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఎక్కువగా కీళ్ల ఆపరేషన్లు అయినవాళ్లను, పక్షవాతం వచ్చినవాళ్లను చూస్తాను.

వృత్తిలోకి వచ్చిన మూడో ఏట ఒక పెద్దావిడ వచ్చారు. 66 ఏళ్లు, మోకాలు మార్పిడి ఆపరేషన్ అయింది. ఆమె కోడలు వారానికి మూడు రోజులు ఆటోలో తీసుకొచ్చేవారు. చెప్పిన వ్యాయామం ఒక్కటి కూడా మానలేదు ఆవిడ. ఇంట్లో చేసినవి పిల్లల నోటుబుక్కులో గీతలు గీసి లెక్క పెట్టుకునేవారు. మేము కండరాల బలాన్ని సున్నా నుంచి 5 వరకు అంకెలతో కొలుస్తాం. భూమి లాగే శక్తికి ఎదురుగా కాలును పూర్తిగా లేపగలిగితే 3. మేము చేత్తో అదిమినా నిలబెట్టగలిగితే 4, ఆపైన 5. ఆమె తొడ ముందు కండరం ఆరు వారాలైనా 3 దగ్గరే ఆగిపోయింది. వ్యాయామం మార్చాను, కరెంటు పరికరంతో కండరాన్ని ప్రేరేపించాను, సర్జన్‌కు చూపించాను. ఎక్స్‌రేలో కీలు చక్కగా ఉంది. ఏం చేయాలో నాకు తోచలేదు.

మా ఆసుపత్రి డైటీషియన్ ఒక మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చుని మాట కలిపారు. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే వరకు ఏం తిన్నారో ఒక్కొక్కటిగా అడిగారు. అన్నం అంటే ఎంత అన్నం అని గిన్నె చూపించి అడిగారు. మజ్జిగ అంటే చిక్కనిదా, పలుచనిదా అని అడిగారు. పొద్దున కారప్పొడితో రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం బీరకాయ కూర, చారు, పలుచని మజ్జిగ, రాత్రి మళ్లీ అదే. ఇలా రెండు నెలలుగా! పథ్యం అన్నమాట. కందిపప్పు తింటే పుండు చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని, వంకాయ దురద పెడుతుందని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పారు, ఆవిడ నమ్మారు. నాకు ఆ విషయం తెలియకపోవడానికి కారణం ఒక్కటే, నేను అడగలేదు.

డైటీషియన్ తన దగ్గరున్న పట్టికలు తీసి లెక్క వేశారు. జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాల్లో ఏ పోషకం ఎంత ఉందో చెబుతూ ప్రచురించిన పట్టికలు అవి. బియ్యం నుంచి, ఇడ్లీల నుంచి, మజ్జిగ నుంచి వచ్చే ప్రొటీన్ అంతా కలిపినా రోజుకు 30 గ్రాముల దగ్గరే ఆగింది. ఆవిడ బరువు 64 కిలోలు. ఆరోగ్యంగా ఉన్న మనిషికే కిలోకు 0.83 గ్రాముల చొప్పున, అంటే 53 గ్రాములు కావాలి. గాయం మానాలి, కొత్త కండరం కట్టాలి అంటే ఆ లెక్క ఇంకా పెరుగుతుంది. నేను రోజూ ఆ కండరాన్ని పని చేయమని తొందరపెడుతున్నాను, దానికి కావలసిన సరుకు మాత్రం ఇంట్లోనే ఆగిపోతోంది.

తర్వాత జరిగింది నాకు ఇంకా బాగా గుర్తుంది. పథ్యం తప్పు అని డైటీషియన్ ఒక్క మాట కూడా అనలేదు. "పెసరపప్పు పథ్యమే కదమ్మా?" అని అడిగారు. అవునన్నారు ఆవిడ. "పెరుగు?" అదీ ఫరవాలేదన్నారు. అంతే, పలుచని మజ్జిగ స్థానంలో గట్టి పెరుగు, చారు స్థానంలో పెసరకట్టు, ఇడ్లీల బదులు కొన్ని రోజులు పెసరట్టు వచ్చాయి. కుట్లు పూర్తిగా మానాయని ఆవిడకే నమ్మకం కుదిరాక గుడ్డు కూడా మొదలైంది. రెండు నెలల తర్వాత బలం 4కు చేరింది. తిండి ఒక్కటే ఆ పని చేసిందని నేను అనను. అదే సమయంలో నేను వ్యాయామంలో బరువు కూడా పెంచాను. కానీ అంతకుముందు పెంచినప్పుడు ఆమె కాలు వణికి ఆగిపోయేది, ఈసారి ఆగలేదు.

ఆ సంఘటన తర్వాతే నేను ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో పోషణ, ఆరోగ్య విద్య డిప్లొమా చేశాను. దానితో నేను డైటీషియన్‌ను అయిపోలేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు ఏం తినాలో నేను చెప్పను, చెప్పకూడదు కూడా. కానీ ఎవరిని ఎప్పుడు డైటీషియన్ దగ్గరికి పంపాలో తెలిసింది. వచ్చిన ప్రతి మనిషినీ మొదటి రోజే నిన్న ఏం తిన్నారని అడగడం అలవాటైంది.

ఇక మీ అమ్మాయి ఆ కోర్సుల్లో ఏం చదువుతుందో చెప్పాలి. మేము చదివినప్పుడు బీపీటీ నాలుగేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్. ఇప్పుడు నిబంధనలు మారుతున్నాయి కాబట్టి చేరే ముందు ఆరోగ్య విశ్వవిద్యాలయం ప్రకటన చూసుకోండి. మొదట శరీర నిర్మాణం, శరీర ధర్మాలు చదువుతారు. శవాన్ని కోసి చూపించే గదిలో మొదటి వారం చాలామందికి కళ్లు తిరుగుతాయి, ఆ తర్వాత అలవాటవుతుంది. నాకు ఈ చదువు మీద ప్రేమ పుట్టించింది మాత్రం బయోమెకానిక్స్, అంటే శరీరం కదలికల్లో బలాలు, బరువులు ఎలా పనిచేస్తాయో చెప్పే శాస్త్రం. ఎంపీసీ వదిలేశాం కదా అనుకునే పిల్లలకు భౌతికశాస్త్రం అక్కడ మళ్లీ ఎదురవుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. కుడి తుంటి నొప్పి ఉన్న మనిషి చేతికర్ర ఏ చేత్తో పట్టుకోవాలి? మన ఇళ్లలో పెద్దవాళ్లు నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు. ఎడమ చేత్తో పట్టుకోవాలి. ఎందుకంటే కుడికాలి మీద నిలబడిన క్షణంలో శరీర బరువంతా కటి ఎముకను ఎడమ వైపుకు వంచాలని చూస్తుంది. అది వాలకుండా కుడి తుంటి పక్కనున్న కండరం గట్టిగా లాగి పట్టుకుంటుంది. ఆ కండరం కీలుకు మరీ దగ్గరగా ఉంటుంది, బరువు మాత్రం దూరంగా ఉంటుంది. తూకం కట్టే కర్రలో ముల్లుకు దగ్గరగా పట్టుకున్నవాడు ఎక్కువ బలం పెట్టాలి కదా, ఇదీ అంతే. ఫలితంగా ఒంటికాలి మీద నిలబడినప్పుడు తుంటి కీలు మీద శరీర బరువుకు రెండున్నర రెట్లకు పైగా భారం పడుతుంది. ఎడమ చేతిలోని కర్ర కీలుకు చాలా దూరంలో ఉంటుంది కాబట్టి, దాని మీద కొంచెం ఆనినా ఆ కండరానికి శ్రమ బాగా తగ్గుతుంది. నేను రెండో ఏడాదిలో ఇది నేర్చుకుని సెలవులకు ఇంటికి వెళ్లి మా నాయనమ్మ కర్రను చేయి మార్పించాను. వారం తర్వాత ఆమె బావి గట్టు దాకా నడిచి వచ్చింది. ఆ ఆనందం ఈనాటికీ తగ్గలేదు నాకు.

తర్వాతి సంవత్సరాల్లో ఎముకలు, నరాలు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులకు చికిత్స నేర్పుతారు. ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్న మనిషి ఊపిరితిత్తుల్లోని కఫం బయటికి రప్పించడం కూడా మా పనే అని చాలామందికి తెలియదు. ఫిజియోథెరపీ అంటే మసాజ్ అనుకునేవాళ్లు మీ అమ్మాయికి జీవితాంతం ఎదురవుతారు.

న్యూట్రిషన్ వైపు చదువు వేరే రకం. జీవరసాయన శాస్త్రం అక్కడ వెన్నెముక లాంటిది. దాంతో పాటు ఆహార విజ్ఞానం, జబ్బులకు తగిన ఆహారం, సమాజ పోషణ. తెలంగాణలో హైదరాబాద్ సైఫాబాద్‌లో ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కళాశాల, ఆంధ్రలో తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఈ చదువుకు పాత పేర్లు. డిగ్రీతో ఆగితే ఆసుపత్రుల్లో మంచి ఉద్యోగం కష్టం. ఎమ్మెస్సీ చేసి, ఆసుపత్రిలో శిక్షణ పొంది, ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ నిర్వహించే రిజిస్టర్డ్ డైటీషియన్ పరీక్ష రాస్తే విలువ పెరుగుతుంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలోనూ ఎమ్మెస్సీ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి అనే విటమిన్ లోపపు జబ్బు మీద పరిశోధనకు మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చిన సంస్థ అది.

ఆ సంస్థ పేరు వింటే నాకు మా ఊరు గుర్తొస్తుంది. మాది మర్రిగూడ వైపు. బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకుంటూ నడిచేవాళ్లను, నడుం వంగిపోయి పక్కకు తిరగలేని తాతలను చూస్తూ పెరిగాను. వాళ్లను నడిపిద్దామనే నేను ఈ చదువులో చేరాను. మూడో ఏడాదిలో తెలిసింది, ఆ సంస్థకే చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి అనే శాస్త్రవేత్తలు ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల ఎముకలు, పళ్లు పాడయ్యే జబ్బు) ఉన్న ప్రాంతంలో ఇలా మోకాళ్లు లోపలికి తిరగడం గురించి 1973లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారని. తిండిలో కాల్షియం తక్కువైతే ఫ్లోరైడ్ ఎముకను మరింతగా పాడుచేస్తుంది. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, నల్గొండ పద్ధతి అని. వంగిపోయిన ఆ ఎముకలను నా వ్యాయామాలు నిటారుగా చేయలేవు. బిగిసిన కీళ్లకు కొంత ఊరట ఇవ్వగలను, పడిపోకుండా నడవడం నేర్పగలను. తర్వాతి తరం కాళ్లను కాపాడేది మాత్రం తాగే నీళ్లు, తినే తిండి. మా ఊళ్లో పుట్టిన నాకు కదలిక, పోషణ రెండు వేర్వేరు శాస్త్రాలుగా ఎప్పటికీ కనిపించవు.

జీతాల మాట అడిగారు కాబట్టి దాచకుండా చెబుతాను. నా మొదటి జీతం నెలకు 9 వేల రూపాయలు. నాతో చదివిన కొందరు ఆ దశలోనే వేరే ఉద్యోగాలకు వెళ్లిపోయారు. మూడు, నాలుగేళ్లు ఓర్చుకుని, ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) చేసినవాళ్లు, ఇళ్లకు వెళ్లి చికిత్స చేసినవాళ్లు నిలదొక్కుకున్నారు. డైటీషియన్ల మొదటి ఏళ్లు కూడా ఇంచుమించు ఇలాగే ఉంటాయి. ఆ మొదటి మూడేళ్లు ఇంటి నుంచి కొంత ఆసరా ఇవ్వగలరేమో ఇప్పుడే ఆలోచించుకోండి. ఒక మంచి మార్పు ఏమిటంటే, 2021లో పార్లమెంటు చేసిన చట్టంతో ఈ రెండు వృత్తులూ ఒకే జాతీయ కమిషన్ పరిధిలోకి వచ్చాయి. నాలుగు వారాల ఆన్‌లైన్ కోర్సు చేసి న్యూట్రిషనిస్ట్ అని బోర్డు పెట్టుకునేవాళ్లకూ, ఏళ్ల తరబడి చదివినవాళ్లకూ తేడా తెలియాలంటే రిజిస్ట్రేషన్ పక్కాగా ఉండాలి. అది త్వరగా అమలు కావాలని మా వృత్తిలో అందరం ఎదురుచూస్తున్నాం.

విదేశాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం కదలిక, పోషణ శాస్త్రాలను ఒకే విభాగంలో బోధిస్తుంది. వ్యాయామంతో జబ్బులను అదుపు చేసే ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్ట్ అనే వృత్తి అక్కడ విడిగా ఉంది. మన దగ్గర బీపీటీ చేసి అక్కడికి వెళ్లినా, ఫిజియోథెరపిస్టుగా పనిచేయాలంటే ఆ దేశపు అర్హత పరీక్షలు దాటాలి. డిగ్రీ చేతిలో ఉంటే చాలని చెప్పే ఏజెంట్ల మాట నమ్మకండి.

కళాశాల విషయంలో నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. భవనం చూసి చేరాను. అరవై మందికి పనిచేసే కరెంటు పరికరాలు రెండే ఉండేవి, రోగులను చూడాలంటే గంటన్నర బస్సు ప్రయాణం. కళాశాలకు సొంత ఆసుపత్రి ఉందా, ఫిజియోథెరపీ విభాగానికి రోజూ ఎంతమంది రోగులు వస్తారు, ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేయిస్తారు అనేవి చివరి ఏడాది విద్యార్థులను అడగండి. వాళ్లు నిజం చెబుతారు.

సీటు తీసుకునే ముందు ఒక పని చేయించండి. మీకు దగ్గరలో ఉన్న పెద్ద ఆసుపత్రిలో అనుమతి అడిగి, అమ్మాయిని రెండు రోజులు ఫిజియోథెరపీ విభాగంలో, రెండు రోజులు డైటీషియన్ పక్కన కూర్చోబెట్టండి. ఇంటికి వచ్చాక ఏది నచ్చింది అని అడగకండి, ఏం చూశావు అని అడగండి. ఫలానా తాత కుంటుతున్నప్పుడు ఏ వైపు ఒరిగాడో చెబుతుందా, ఫలానా అమ్మ అన్నంలోకి ఏం వేసుకుంటానని చెప్పిందో చెబుతుందా గమనించండి. ఆమె ఏం చెప్పిందో వీలైతే ఇక్కడే రాయండి. కళాశాలల పేర్లు పెట్టి అడిగితే, నాకు తెలిసిన వాటి గురించి నేరుగా చెబుతాను.