పిజ్జా రాయికి సబ్బు పెట్టొద్దు

ప్రశ్న: ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్‌లో) పిజ్జాల కోసం గుండ్రటి బేకింగ్ స్టోన్, అంటే పిజ్జాని పైన పెట్టి కాల్చే రాయి కొన్నాను. చీజ్ కారి మాడితే గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, రాత్రంతా టబ్బులో నానబెట్టాను. మచ్చలు పోలేదు సరికదా, మర్నాడు చేసిన పిజ్జా సబ్బు వాసన కొట్టింది. పారేయడమేనా?
– ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: పారేయక్కర్లేదు. నానిన రాయిని మర్నాడే వేడి చేసినా పగల్లేదంటే మీ అదృష్టమే. ఎండిన రాయి మీద చెంచాడు నీళ్లు పోసి చూడండి, చూస్తుండగానే ఇంకిపోతాయి. సబ్బు నీళ్లూ అలాగే లోపలికి వెళ్లి, వేడికి మళ్లీ బయటికొచ్చాయి.

వేడినీళ్లలో పిండిన గుడ్డతో, గుడ్డ మారుస్తూ నాలుగైదుసార్లు తుడవండి. గాలి తగిలేచోట నిలబెట్టి రెండు రోజులు ఆరనివ్వండి. తర్వాత చల్లటి ఓవెన్‌లో పెట్టి 100 డిగ్రీల దగ్గర గంట, ఆపైన మెల్లగా పెంచుతూ ఓవెన్ ఇవ్వగలిగిన గరిష్ఠ వేడి దగ్గర ఇంకో గంట ఉత్తినే కాల్చండి. వంటింటి కిటికీలు తీసి ఉంచండి. వాసన మిగిలితే మళ్లీ కాల్చడమే. తొందరపడి తడిరాయిని ఒక్కసారిగా వేడి చేస్తే లోపలి నీరు ఆవిరై, బయటికి దారి చాలక రాయిని చీల్చేస్తుంది.

ఇకపై మాడు అంటితే రాయి ఓవెన్‌లోనే పూర్తిగా చల్లారాక అట్లకాడ అంచును ఏటవాలుగా పట్టి గీకండి. పొడి కొబ్బరిపీచుతో రుద్దితే చాలావరకు రాలిపోతుంది. మొండి మాడుకి మాత్రం రెండు చెంచాల వంటసోడాలో ముద్ద కట్టేంత వరకే నీళ్లు కలిపి రుద్ది, తడిగుడ్డతో తుడిచి, ఒక రోజు ఆరబెట్టండి. నల్ల మచ్చలు పోవు, వాటితో నష్టమూ లేదు. మచ్చల్లేని రాయంటే వాడని రాయే!

దోసెల పెనంలా నూనె పట్టించాలని కొందరు చెబుతారు. వద్దు. పీల్చుకున్న నూనె వేడికి పొగలు కక్కుతుంది, నాలుగు రోజులకి ముక్కవాసన పడుతుంది. పిండి అంటకుండా కింద బొంబాయిరవ్వ చల్లితే చాలు.

వానాకాలం మన ఊళ్ల గాలిలోని చెమ్మ కూడా రాయికి పడుతుంది. చాలా రోజుల తర్వాత తీస్తే ముందు 100 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, తర్వాతే పెంచండి.

ప్రశ్న: ఇల్లు కట్టగా మిగిలిన కడప బండ ముక్క ఉంది. బేకింగ్ స్టోన్‌గా వాడొచ్చా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వాడకండి. కడప బండ పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి. పొరల మధ్య చెమ్మ ఉంటే ఓవెన్ వేడికి పెచ్చులూడుతుంది, ఒక్కోసారి పెళ్లున పగులుతుంది. పైగా పాలిష్ కోసం ఏం పూశారో తెలియని రాయి మీద తిండి కాల్చడమెందుకు? కొనేటప్పుడు కార్డియరైట్ (ఒక రకం సిరామిక్) రాయి అడగండి, వేడికి అది తక్కువగా వ్యాకోచిస్తుంది కాబట్టి తేలిగ్గా పగలదు. ఓవెన్ గోడలకి, రాయికి మధ్య చుట్టూ రెండు వేళ్ల సందు మిగిలే సైజు తీసుకోండి. గ్యాస్ పొయ్యి మీద మాత్రం దాన్నీ పెట్టొద్దు. మంట తగిలే నడిమి భాగం ఒక్కటే కాలి, రెండు ముక్కలవుతుంది.