రాత్రి నిద్ర పట్టట్లేదన్న తమ్ముడికి

రాత్రి 2 దాకా ఫోన్ చూస్తున్నానని, పొద్దున లేవలేక క్లాసులు పోతున్నాయని, నా మీద నాకే కోపం వస్తోందని రాశావు కదా తమ్ముడూ, ముందు ఆ కోపం వదిలెయ్. టీనేజ్‌లో నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోన్ రాత్రిపూట పెద్దవాళ్లకంటే ఆలస్యంగా మొదలవుతుంది, ఇది బద్ధకం కాదు.

పడుకునే టైమ్‌తో కుస్తీ పట్టకుండా లేచే టైమ్ ఒక్కటి గట్టిగా పట్టుకో, సెలవు రోజైనా సరే అప్పుడే లేచి కాసేపు వెలుతురులో నడువు, శరీరం మెల్లగా దానికి అలవాటు పడుతుంది. ఫోన్ వేరే గదిలో ఛార్జింగ్‌కి పెట్టు. సాయంత్రం కాఫీ వద్దు. పడుకోగానే బుర్రలో తిరిగే టెన్షన్లన్నీ ముందే కాగితం మీద రాసెయ్, నాకైతే ఇదే బాగా పనిచేసింది.

2 వారాలు దాటినా దిగులు తగ్గకపోతే డాక్టర్‌ని కలువు. బతకాలనిపించట్లేదు అన్న ఆలోచన వస్తే మాత్రం అస్సలు ఆగొద్దు, నమ్మకమైన మనిషికి వెంటనే చెప్పు.