వంటింట్లో చంటాడికీ ఓ పని

అమ్మలూ,

నిన్న ఫోన్లో నువ్వు మాట్లాడినంతసేపూ వెనక వాడి ఏడుపే వినిపించింది. పొయ్యి దగ్గర నిలబడితే చాలు కాళ్లకు చుట్టుకుపోతున్నాడనీ, వాణ్ని చంకనేసుకునే తాలింపు పెడుతున్నాననీ అన్నావు. అప్పట్నుంచీ నా మనసు అక్కడే ఉంది. ముందు ఆ ఒక్కటీ మానెయ్యి తల్లీ. కూర మాడినా సరే, అన్నం ఆలస్యమైనా సరే, పిల్లాణ్ని ఎత్తుకుని తాలింపు పెట్టొద్దు. నూనె ఎటు చిందుతుందో, వాడి చెయ్యి ఎటు సాగుతుందో ఎవరం చెప్పలేం.

వాడికిప్పుడు ఏడాదిన్నర దాటింది. ఈ వయసులో పిల్లలు బొమ్మల కోసం ఏడవరు, అమ్మ కోసం ఏడుస్తారు. నువ్వేమో వాడికి వీపు పెట్టి నిలబడతావు. పైన ఏవో చప్పుళ్లు, ఏవో వాసనలు, వాడికి మాత్రం ఏమీ కనబడదు. అందుకే ఎన్ని బొమ్మలు కొనిపెట్టినా హాల్లో పడేసి నీ దగ్గరికే పరిగెత్తుకొస్తాడు. వాణ్ని వంటింట్లోంచి ఎలా పంపాలా అని చూడకు. అక్కడే వాడికో చోటు, వాడికో పని చూపించు.

నువ్వు మాదాపూర్ ట్రాఫిక్‌లో పడి ఇంటికొస్తావు, చెప్పులు విడిచీ విడవకముందే కుక్కర్ ఎక్కిస్తావు. పొద్దుట్నుంచీ నీకోసం చూసినవాడు ఊరుకుంటాడా? ముందు ఫోన్ పక్కన పెట్టి ఓ పది నిమిషాలు వాడితో కూర్చో. ఒళ్లో కూర్చోబెట్టుకో, అరటిపండు తినిపించు. కడుపు నిండి, నీ ఒళ్లో కాసేపు ఆడుకున్న పిల్లాడు తర్వాత తనంతట తానే దిగి వెళ్తాడు. ఆకలి మీదో నిద్ర మీదో ఉన్నవాణ్ని ఏ ఆటా ఆపలేదు.

ఇక చోటు సంగతి. పొయ్యికి 3 అడుగుల దూరంలోకి వాడు రాకూడదు. మీ ఫ్లాట్ వంటిల్లు ఇరుకు కాబట్టి గుమ్మం దగ్గరే చాప వెయ్యి, నువ్వు తల తిప్పితే కనబడేలా. ఆ పక్కనున్న అడుగు అర వాడికి రాసిచ్చెయ్. స్టీలు గిన్నెలు, మూతలు, చెక్క గరిటె, ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు అందులో పెట్టు. చాకులు, గాజు సామాను, అగ్గిపెట్టె, సింకు కింద పెట్టే ఫినాయిల్ సీసాలు అన్నీ పై అరలోకి ఎక్కించు. గిన్నెల మోతకు తలనొప్పి వస్తుంది, నిజమే. కానీ ఏడుపు కంటే ఆ మోతే నయం.

అన్నిటికన్నా బాగా పనిచేసేది ఆకుకూర. ఎర్రగడ్డ రైతుబజారుకు వెళ్లినప్పుడు ఓ రెండు గోంగూర కట్టలు ఎక్కువ తెచ్చుకో. బాగా కడిగి, రెండు మూడు కాడలు వాడి ముందు పెట్టి, ఒక ఆకు నువ్వు తుంచి చూపించు. చూపుడు వేలూ బొటనవేలూ కలిపి వాడు ఆకు పట్టుకోవడం చూడాలి నువ్వు! లాగితే టప్పున ఊడొస్తుంది. దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూస్తాడు, వాసన చూస్తాడు, గిన్నెలో వేసి మళ్లీ బయటికి తీస్తాడు. ఒక్కోసారి కాడతో సహా వేసేస్తాడు. కొరికి పులుపుకు మొహం చిట్లిస్తాడు కూడా, నోట్లో ముక్క ఉండిపోతే మాత్రం తీసెయ్. గిన్నె తెచ్చి నీకిచ్చినప్పుడు "ఎంత సాయం చేశావు నాన్నా" అని తీసుకుని, ఆ ఆకుల్ని వాడి కళ్ల ముందే నీ గిన్నెలో కలుపు. అప్పుడు అది వాడికి ఆట కాదు, మీ ఇద్దరి వంట. పచ్చిమిర్చి కోశాక చేతులు సబ్బుతో కడుక్కోకుండా వాణ్ని ముట్టుకోకు, కళ్లు మండుతాయి.

ఆకుకూర లేని రోజు బంగాళాదుంపలు ఒక బుట్టలోంచి ఇంకో బుట్టలోకి వేయమను. పల్లీలు, శనగల జోలికి మాత్రం పోకు. ముక్కులో దూర్చుకుంటే నాని ఉబ్బుతాయి, గొంతుకు అడ్డం పడితే ప్రాణం మీదికొస్తుంది. నీళ్ల ఆటంటే వాడికి ప్రాణమని తెలుసు. వెడల్పాటి పళ్లెంలో కాసిని నీళ్లు, రెండు గ్లాసులు ఇచ్చి, నువ్వు కూర తరుగుతూ ఎదురుగా కూర్చున్నప్పుడే ఆడించు. ఆట అవగానే నీళ్లు పారబోసెయ్. బకెట్ నిండా నీళ్లు ఇంట్లో ఎక్కడా వదలొద్దు.

నోరు మెదపకుండా వంట చెయ్యకు. "ఇదిగో వంకాయ, ఇప్పుడు కోస్తున్నా" అంటూ కబుర్లు చెబుతూ ఉండు, నీ గొంతు వినబడితే వాడికి ధైర్యం. మిక్సీ వేసే ముందు "జుయ్ మంటుంది, చెవులు మూసుకో" అని చెప్పి మరీ వెయ్యి. కుక్కర్ కూత కూడా అంతే. ముందే తెలిస్తే బెదరడు.

ఫోన్ ఇవ్వకు. రెండేళ్లు నిండేదాకా స్క్రీన్ అసలు వద్దనే మన దేశపు పిల్లల డాక్టర్ల సంఘం చెబుతోంది, ఆ తర్వాత అయిదేళ్ల వరకూ రోజుకు గంటకు మించొద్దని. మరీ అల్లరి చేస్తే నాకు వీడియో కాల్ చెయ్యి. అమ్మమ్మతో కబుర్లకు వాళ్లు కూడా అభ్యంతరం చెప్పరు.

కూరలు రాత్రి వాడు పడుకున్నాక తరిగి ఫ్రిజ్‌లో పెట్టుకో. పూరీలు, వేపుళ్లు మీ ఆయన ఇంట్లో ఉన్నప్పుడే పెట్టుకో. ఆయన వాణ్ని కింద పార్కింగ్‌లో తిప్పుతాడో, తనే పూరీలు వేయించి నిన్ను తిప్పమంటాడో మీ ఇష్టం. ఇది నీ ఒక్కదాని పని కాదని నా మాటగా ఆయనకు చెప్పు. బాణలి పిడి లోపలికి తిప్పి పెట్టు. దించిన చారు, వార్చిన గంజి నేల మీద అసలు పెట్టొద్దు. ఎప్పుడైనా పొరపాటున కాలితే టూత్‌పేస్ట్, ఐసు ఏవీ వద్దు. కుళాయి నీళ్ల ధార కింద 20 నిమిషాలు ఉంచి, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు.

మొదటి రెండు మూడు రోజులు చాప మీద నిలవడు, లేచొస్తూనే ఉంటాడు. విసుక్కోకుండా మళ్లీ తీసుకెళ్లి కూర్చోబెట్టు. ఆదివారం నేను వస్తాను. వచ్చేటప్పుడు బేగంబజార్‌లో వాడి చేతికి సరిపోయే గిన్నె, గరిటె చూసి తెస్తాను. నువ్వు మాత్రం గోంగూర తెచ్చి పెట్టు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ